రాట్నాలకూ సెలవు

మా అత్తగారింట్లో సెలవు అంటే అమావాస్యే. ఆ ఒక్కరోజు మగ్గం గుంటలో ఎవరూ కాలు పెట్టేవారు కాదు. మా మామ పొద్దున్నే స్నానం చేసి, మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను పడుగు మీద పడుకోబెట్టేవాడు. పసిపిల్లను ఉయ్యాలలో వేసినంత మెల్లగా వేసేవాడు. మర్నాడు కోడి కూయకముందే మళ్లీ చేతిలోకి తీసుకునేవాడు. బళ్లకూ కచేరీలకూ ఉండే సెలవులు మా గడప దాకా వచ్చేవి కావు. నైజాం రోజుల్లో శుక్రవారం తాతీలు అనేవారు, ఆ తర్వాత అది ఆదివారానికి మారిందన్నారు. ఏ వారమైనా మా వీధిలో చప్పుడు ఒకటే.

నేను పాలమూరు జిల్లా నుంచి మోత్కూరు దగ్గరి ఆ పల్లెకు కోడలిగా వచ్చింది యాభైల చివర్లో. అప్పటికి చీర కుచ్చిళ్లు నా నడుముకు నిలిచేవి కావు. నడుస్తుంటే జారేవి, పట్టుకుని నడిచేదాన్ని. మా పుట్టింట్లోనూ మగ్గమే. అయితే మా ఊళ్లో నేసే ఇళ్లు నాలుగైదే ఉండేవి. ఇక్కడ వీధి మొదటి నుంచి చివరి దాకా నేతవాళ్లే. మొదటి రోజుల్లో ఆ చప్పుడుకు నా తల తిరిగేది. పడుకున్నాక కూడా చెవిలో మగ్గాలు ఆడుతూనే ఉండేవి. కొన్ని నెలలకు అవి వినిపించడం మానేశాయి. చేప నీళ్లలో ఉన్నట్టు నేను ఆ చప్పుడులో ఉండిపోయాను.

ఇంట్లో మేం నలుగురం. మామ, అత్త, నా పెనిమిటి, నేను. మగ్గాలు రెండు. ఒకటి మామది, ఒకటి నా పెనిమిటిది. ఆ రెండింటికీ కండెలు చుట్టివ్వడం మా ఆడవాళ్లిద్దరి పని. కండె అంటే నాడెలో పెట్టే చిన్న గొట్టం. దాని నిండా నూలు చుట్టాలి. ఎడమచేత్తో పోగు పట్టుకుని కుడిచేత్తో రాట్నం తిప్పాలి. మగ్గం నూలును ఎంత తొందరగా తింటుందో రాట్నం అంత తొందరగా తిరగాలి. అన్నం దించి వచ్చి తిప్పేవాళ్లం, బిందె దించి వచ్చి తిప్పేవాళ్లం. మా అత్త కునుకు పట్టినా చెయ్యి ఆగేది కాదు. కళ్లు మూతలు పడి, తల గోడకు ఆని, చెయ్యి మాత్రం గుండ్రంగా తిరుగుతుండేది. ఆమె కలలు కూడా గుండ్రంగానే తిరుగుతాయేమో అనుకునేదాన్ని.

జెండా పండుగ, అదే పంద్రాగస్టు, అంటే అప్పటికి మాకు తెలిసింది బడిపిల్లల కేకలే. శ్రావణం ముసురులో, పొద్దున్నే, కాగితపు జెండాలు పట్టుకుని పిల్లలు వీధిలో అరుచుకుంటూ పోయేవారు. ఆ కేకలు మగ్గాల చప్పుడులో తడిసి, ముద్దయి, ఎక్కడో చెరువు అవతల నుంచి వచ్చినట్టు వినిపించేవి. నేను కిటికీలోంచి చూసేలోపు చివరి పిల్ల వీపు మాత్రం కనిపించేది.

అరవైలు మొదలైన రోజుల్లో ఒక వానకాలం, మా నేతగాళ్ల సంఘం పెద్ద నల్లగొండ పోయి వచ్చాడు. ఆయన మా మామ కంటే చిన్నవాడు, మామను అన్నా అని పిలిచేవాడు. సంఘం ఇల్లు మా ఇంటి ఎదురుగానే ఉండేది, పెంకుల ఇల్లు. మీటింగు పెడితే మాటలన్నీ మా అరుగు మీదికి వినిపించేవి. ఆ సాయంత్రం మగవాళ్లంతా అక్కడ చేరారు. నేనూ అత్తా అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటున్నాం.

"సర్కారు దఫ్తర్లన్నీ బంద్, బళ్లు బంద్. ఇగ సంఘాలు గూడ జెండా పండుగ నాడు బంద్ పెట్టాలన్నరు," అన్నాడు పెద్ద. "సంఘం తలుపుకు తాళమేస్తే ఏమొస్తది? నేసేది ఇండ్లల్ల గదా! అందుకని నేను చెప్పేదేందంటే, గా దినం ఊర్ల ఒక్క మగ్గం గూడ ఆడొద్దు. అమాస లెక్కనే."

తర్వాత మా మామ గొంతు వినిపించింది. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దగా లేచేది కాదు. అందుకే అందరూ ఊపిరి బిగబట్టి వినేవారు.

"గా దినం మనకు ఏడ వచ్చింది తమ్మీ స్వతంత్రం? ఢిల్లీల వచ్చింది. మనూర్ల గా దినం జెండా పట్టినోన్ని నైజాం పోలీసులు పట్కపోయిండ్రు. నా సొంత తమ్మున్ని గట్లనే పట్కపోయిండ్రు. మనకొచ్చింది మల్లేడు."

ఆ తమ్ముణ్ని నేను చూడలేదు. జైలు నుంచి వచ్చాక ఎక్కువ కాలం బతకలేదని అత్త ఒకసారి చెప్పింది. మామ నోట తమ్ముడి మాట వినగానే ఆమె చేతిలో చాట ఆగిపోయింది.

సంఘం పెద్ద తొందరపడలేదు. "నిజమే అన్నా. మనకు ఆలిశంగనే వచ్చింది. అయితే ఆలిశంగ వచ్చినోడు బంతిల కూసోడా? నీ తమ్ముడు, మా చిన్నన్న, పట్టింది గూడ గా జెండానే గదా!"

మామ దగ్గు వినిపించింది. తర్వాత "సరే, అమాస లెక్కనే," అన్నాడు.

మా ఊళ్లో ఆ సెలవు అట్లా పుట్టింది. పండుగకు ముందు సాయంత్రం డప్పు చాటింపు వేశారు. "రేపు జెండా పండుగ! మగ్గాలన్నీ బంద్ హో!" చాటింపు మనిషి ఆ మాటను వీధి మలుపు దాకా సాగదీసుకుంటూ పోయాడు. మామ మగ్గం దిగి, నాడెను పడుగు మీద పెట్టాడు. అమావాస్య కాని రోజు పసుపు పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, పెట్టాడు.

తెల్లవారి లేచేసరికి నాకు ఎక్కడున్నానో అర్థం కాలేదు. పుట్టింట్లో ఉన్నాననుకున్నాను. తర్వాత నీళ్లలో మునిగి ఉన్నాననుకున్నాను. అమావాస్య నాడు కూడా పూజ సందడీ, గంటలూ, పిల్లల అరుపులూ ఉంటాయి. ఆ పొద్దు అవేమీ లేవు, బడిపిల్లలు కూడా ఇంకా బయల్దేరలేదు. సన్నని వాన పడుతోంది. పెంకుల మీంచి చుక్క జారి, గాబులో పడి, టుప్పుమనడం వినిపించింది. ఆ చప్పుడుకే నేను లేచి కూర్చున్నాను. మా ఇంటి వెనక తాటిచెట్టు ఆకులు ఒకదానికొకటి రాసుకుంటాయని ఆ రోజే తెలిసింది. ఊరి బయట ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. ఆ గొంతు మా పెరట్లోంచి వచ్చినంత దగ్గరగా ఉంది.

మగవాళ్లంతా తలస్నానాలు చేసి, ఉతికిన ధోవతులు కట్టుకుని, సంఘం ముందు జెండా దగ్గరికి పోయారు. వానలో జెండా తడిసి కర్రకు అంటుకుపోయింది. పెద్ద ఎంత తాడు లాగినా విచ్చుకోలేదు. చివరికి ఎవరో కర్రను ఊపారు. అప్పుడు కొంచెం విడివడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అరుగు స్తంభం చాటు నుంచి చూశాను. మామ ముఖం పైకెత్తి చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. వాన ఆయన కళ్లలో పడుతున్నా రెప్ప వేయలేదు.

ఆ తర్వాత మగవాళ్లు ఇళ్లకొచ్చి ఏం చేయాలో తెలియక కూర్చున్నారు. కొందరు చావడిలో పడుకున్నారు. నా పెనిమిటి స్నేహితులతో మోత్కూరు పోయాడు. మామ అరుగు మీద కూర్చుని బీడీ తాగాడు, అది ఆరిపోయాక కూడా వేళ్ల మధ్యే ఉంచుకున్నాడు. అరుగు కిందికి వేలాడుతున్న ఆయన కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా కిందికీ పైకీ కదులుతున్నాయి, మగ్గం చెక్కలు తొక్కుతున్నట్టే. ఆయనకు ఆ సంగతి తెలియదు.

"సెలవు గదా, గారెలు చేస్తే బాగుండు," అన్నాడు లోపలికి వినపడేటట్టు.

గారెలకు పప్పు రుబ్బాం. గారెలు కాల్చాం. గిన్నెలు కడిగాం. ఆ తర్వాత అత్త రాట్నం ముందు కూర్చుంది. "రేప్పొద్దుగాల మగ్గాలెక్కుతరు. కండెలు లేకపోతే ఏమేసి నేస్తరు? రా బిడ్డా," అంది. నేనూ నా రాట్నం ముందు కూర్చుని తిప్పడం మొదలుపెట్టాను.

అప్పుడే నాకు నా రాట్నం చప్పుడు వినిపించింది.

మగ్గాల చప్పుడు కింద అది ఎప్పుడూ అణగిపోయి ఉండేది. ఆ రోజు దాని మీద ఏమీ లేదు. గుయ్యి... అని మొదలై, చెయ్యి పైకి వచ్చినప్పుడు కొంచెం సన్నబడి, కిందికి పోయినప్పుడు బరువెక్కి, తుమ్మెద గదిలో చిక్కుకుని తిరుగుతున్నట్టుంది. అత్త రాట్నం గొంతు వేరు. పాతది కాబట్టి ఒక చుట్టుకు ఒకసారి మూలిగేది. నేను చెయ్యి ఆపాను. నాది ఆగింది కానీ చప్పుడు ఆగలేదు. పక్కింట్లోంచి వస్తోంది. దాని పక్కింట్లోంచీ వస్తోంది. వాన తెర వెనక, తలుపు తలుపుకూ ఒక రాట్నం. వీధి మొత్తం తేనెపట్టులా గుయ్యిమంటోంది.

అత్త కూడా చెయ్యి ఆపింది. లేచి గడప దాటి వీధిలోకి పోయింది. కొంగు తల మీద వేసుకోవడం కూడా మరిచి వానలో నిలబడింది. నేను వెనకే పోయాను.

"ఇంటున్నవా?" అంది.

"ఏంది అత్తమ్మా?"

"మనదేనే గీ సప్పుడంత. ఇన్నేండ్లు మగ్గానికి సాటుకున్నది. ఊరంత బంద్ అన్నరు గదా! మరి గిదేంది?"

ఆమె ముఖంలో కోపం లేదు. తెలియని ఊళ్లో బండి దిగిన మనిషి చుట్టూ చూసినట్టు చూస్తోంది. కాసేపటికి ఎదురుగా ఉన్న సంఘం ఇంటి వైపు నడిచింది. ఆడవాళ్లు ఎప్పుడూ ఎక్కని మెట్లు అవి. ఆమె కూడా ఎక్కలేదు, కింది మెట్టు దగ్గర ఆగింది. లోపల సంఘం పెద్ద, మరికొందరు కూర్చుని ముచ్చట్లాడుతున్నారు.

"మరిదీ, జర గిటు రా," అని పిలిచింది.

ఆయన గుమ్మంలోకి వచ్చాడు. "ఏంది వదినా, వానల నిలబడ్డవ్?"

"ఊర్ల అన్ని బంద్ పెట్టినం అన్నవు. ఏదీ, చెవి పెట్టి జర ఇను."

ఆయన విన్నాడు. మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వాడు. "రాట్నాలా! అవి ఇంట్ల పని గద వదినా. ఆడోళ్ల పని. దానికేం సెలవు?"

"మగ్గం మాత్రం ఏడున్నది? ఇంట్లనే గదా!"

ఆయన నవ్వు ఆగిపోయింది. వీధిలో ఆ గుయ్యిమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అంతలో మామ అరుగు దిగి వచ్చాడు. భార్యను లోపలికి పొమ్మంటాడని నేను భయపడ్డాను. ఆయన ఆమె పక్కన నిలబడి, ఆమె వైపు చూడకుండా, పెద్దతో అన్నాడు:

"తమ్మీ, పొద్దుగాలటి సంది నా కాళ్లకు ఏం జేయాల్నో తెలుస్తలేదు. పిచ్చి పిచ్చిగున్నది. గని బాగున్నది. దీని చేతులకు గూడ ఒక్క దినం గట్ల తెల్వకుంట చెయ్యి."

పెద్ద తల వంచుకున్నాడు. "గీయేడు అయిపాయె గదనే," అన్నాడు. "వచ్చేయేటికి చూద్దాం."

అంతకంటే ఏమీ జరగలేదు. అత్త తిరిగి వచ్చి, తల తుడుచుకుని, రాట్నం ముందు కూర్చుంది. మర్నాటికి కావలసిన కండెలన్నీ చుట్టింది. మామ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుని, నూలు చిలప చిక్కులు తీసిచ్చాడు. అట్లా ఆయన కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ ఏడాది గడిచింది. వచ్చే ఏటి వానకాలానికి అందరూ ఆ మాట మరిచిపోయి ఉంటారనుకున్నాను. మామ మరవలేదు. సంఘం మీటింగులో ఆయనే లేపాడు. ఒకరిద్దరు గొణిగారు. కండెలు ముందు రోజే చుట్టి పెట్టుకుంటే సరిపోతుందని, ఆ ముందు రోజు మగవాళ్లు కూడా చెయ్యి వేయాలని మామ చెప్పాడు. "మేం రాట్నం తిప్పాల్నా?" అని ఎవరో అడిగారు. "తిప్పితే చెయ్యి పడిపోదు," అన్నాడు. అరుగు మీద మేం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాం.

ఈసారి డప్పు చాటింపులో మాట పెరిగింది. "మగ్గాలు బంద్! రాట్నాలు గూడ బంద్ హో!" వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒకరినొకరు చూసుకున్నారు. డప్పు మనిషి సంతోషం పట్టలేక మా ఇంటి ముందు ఆ మాట రెండోసారి అరిచాడు.

తర్వాత ఏళ్లపాటు ఆ సెలవు మా ఊళ్లో నిలిచింది. పక్క ఊళ్ల నేతవాళ్లు కూడా అడిగి తెలుసుకుని పోయారు. ఆ ఏళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నాకు విడిగా కనిపించేది రాట్నాలు ఆగిన ఆ మొదటి రోజే.

పొద్దున్న జెండా ఎగరేశారు. ఈసారి ఆడవాళ్లం కూడా పోయి ఒక పక్కన నిలబడ్డాం. బూందీ పెట్టారు. ఇళ్లకు వచ్చాక నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్లో పెట్టుకుంటే బరువుగా ఉన్నాయి. అత్త అటూ ఇటూ తిరిగింది. పొయ్యి దగ్గరికి పోతే మామ అడ్డం నిలబడ్డాడు.

"ఇయ్యాల జొన్న గటక నేను వండుత. నువ్వు పో."

"ఏడికి పోవాలె?"

"ఏడికన్న పో. సెలవు గదా!"

అత్త గుమ్మంలో నిలబడి ఆలోచించింది. చివరికి ఊరి వెనక ఉన్న రాతిగుట్ట వైపు చూసింది. "నేను గీ ఊరికి వచ్చిన కాడికెల్లి దాన్ని చూస్తున్న. మీదికి ఎన్నడు ఎక్కలే," అంది.

మేం ఇద్దరమే బయల్దేరాం. వీధి చివరికి వచ్చేసరికి ఎనిమిదిమందో పదిమందో అయ్యాం. వాన లేదు. మబ్బు మాత్రం దూదిలా కిందికి వాలి ఉంది. ఆముదపు చేల మధ్య బాటలో ఆకులు మా భుజాలకు తగిలి నీళ్లు చల్లాయి. ఒక చేలో కలుపు తీస్తున్న రైతుల ఇంటి ఆడమనిషి నడుం ఎత్తి చూసింది. ఆమె మా అత్తకు ఎరుకైన మనిషే.

"ఏడికే అక్కా, గింతమంది?"

"గుట్టకు. సెలవుల ఉన్నం," అంది అత్త. ఆ మాట అంటుంటే ఆమె గొంతు సిగ్గుపడింది.

"పని లేదా?"

"ఉన్నది. ఇయ్యాల చేస్తలేం."

ఆ మనిషి కొడవలి పట్టుకుని అట్లాగే చూస్తూ నిలబడింది. మేం కొంత దూరం పోయాక వెనక నుంచి ఆమె పిలుపు వినిపించింది. ఒడినిండా పచ్చి పెసరకాయలు తెంపుకుని వచ్చి, మా కొంగుల్లో పోసింది. "మీద కూసోని తినుండ్రి," అని, మళ్లీ చేలోకి పోయింది.

గుట్ట మీద రాయి వెడల్పుగా, నున్నగా ఉంది. మబ్బులోంచి వచ్చే వేడి దానిలో చేరి వెచ్చగా ఉంది. మేం పెసరకాయలు ఒలుచుకుని తిన్నాం. కింద ఊరు కనిపించింది. పెంకుల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి. ఏ ఇల్లు ఎవరిదో గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. మా ఇంటి కప్పు మీంచి పొగ లేస్తోంది. నల్లటి పొగ. "మాడగొడ్తున్నడు," అంది అత్త. కానీ లేవలేదు. దూరంగా ఎర్రమట్టి రోడ్డు మీద నార్కట్‌పల్లి పోయే బస్సు చీమలా పాకుతూ పోయింది. దాని అవతల గుట్టలు, ఆ గుట్టల అవతల నీలంగా ఇంకా గుట్టలు. మా పుట్టిల్లు ఏ వైపో అత్తను అడిగాను. ఆమె చెయ్యి చాపి దక్షిణం చూపించింది. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు. అయినా నేను చాలాసేపు చూశాను. మబ్బులో మా అమ్మ వాకిలి ఊడుస్తున్నట్టు అనిపించింది.

తర్వాత ఒక్కొక్కరుగా ఆడవాళ్లంతా రాయి మీద ఒరిగారు. పగలు, నడి పొద్దున, ఆకాశం కింద అంతమంది ఆడవాళ్లు పడుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఎవరి గాజులూ కదలడం లేదు. అత్త వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పక్కన చాపింది. అరచేతులు పైకి తెరిచి ఉన్నాయి. నూలు రాసుకుని రాసుకుని ఆమె ఎడమచేతి చూపుడువేలికి ఒక గాడి పడి ఉండేది. ఆ గాడిలో ఒక చిన్న చీమ నడిచింది. ఆమె లేవలేదు. నేను కూడా కళ్లు మూశాను. నిద్రపోయానో లేదో చెప్పలేను. నేను లేచేసరికి నీడలు సాగి ఉన్నాయి, అత్త మాత్రం అట్లాగే ఉంది.

పొద్దు వాలాక దిగి వచ్చాం. మామ వండిన గటక అడుగంటింది, ఉప్పు ఎక్కువైంది. పచ్చిపులుసు మాత్రం బాగుంది. అత్త తిని, చెయ్యి కడుక్కుని, దీపం పెట్టకముందే చాప మీద ఒరిగి నిద్రపోయింది. మామ ఆమె మీద దుప్పటి కప్పి, మమ్మల్ని మెల్లగా మాట్లాడుకొమ్మని సైగ చేశాడు.

నేనూ నా పెనిమిటీ అరుగు మీద కూర్చున్నాం. మళ్లీ సన్నగా జల్లు మొదలైంది.

"గుట్ట మీదికెల్లి ఏం కనబడ్డది?" అని అడిగాడు.

చెప్పడానికి ప్రయత్నించాను. పొగ గురించి చెప్పాను, బస్సు గురించి చెప్పాను. మబ్బులో చూసింది చెప్పలేదు.

"వచ్చేయేడు నేను గూడ వస్త," అన్నాడు.

"వద్దు," అన్నాను.

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. అంతవరకు నేను ఆయనకు ఆ మాట చెప్పి ఎరగను. తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. లోపల అత్త లేస్తుందేమోనని నోళ్లు మూసుకుని నవ్వుకుంటూ కూర్చున్నాం.